ఉన్నదున్నట్లు వ్రాయుట: ఒక పరికర వృక్షముపై సమీక్ష

ఉన్నత పాఠశాలలో ప్రయోగశాల బాధ్యత ఒక ఉపాధ్యాయుని నుండి మరియొకరికి మారునపుడు మొట్టమొదట చేతులు మారునది స్టాకు రిజిస్టరు. ఏ బీరువాలో, ఏ అరలో, ఏ పరికరము కలదో, అట్టివి ఎన్ని కలవో, వాటిని తయారుచేసినవారెవరో అందు వ్రాసియుండును. క్రొత్తగా వచ్చినవారు ఆ గదిని మునుపెన్నడును చూచియుండకపోయినను ఆ పుస్తకమును నమ్మి బీరువా తెరచెదరు. పుస్తకములో తప్పున్నచో గాజుకుప్పె కొరకు చాచిన చేయి ఆమ్లపు సీసాపై పడవచ్చును.

కంప్యూటరు మేల్కొనినపుడు దాని ఆపరేటింగ్ సిస్టమ్ యొక్క స్థితి సరిగా ఇట్టిదే. ఆ సిస్టమ్ యొక్క మూలభాగమునకు కెర్నెల్ అని పేరు. జ్ఞాపకశక్తిని పంచుట, పనులకు వంతులు వేయుట, పరికరములతో మాటలాడుట దాని విధులు. కాని తాను కాలుమోపిన యంత్రములో ఏ పరికరము ఎచ్చటనున్నదో దానికి పుట్టుకతో తెలియదు. ఎవరో ఒకరు చెప్పవలెను. ఆ చెప్పుటకై వ్రాయబడు చిట్టాకు పరికర వృక్షము, అనగా డివైస్ ట్రీ అని పేరు. ఒక క్రొత్త చిప్పు కొరకు వ్రాయబడిన అట్టి చిట్టాను ముందిడుకొని దాని గుణదోషములను విచారించుట ఈ వ్యాసోద్దేశము. సాహిత్యగ్రంథములకు సమీక్షలుండగా ఇట్టి వ్రాతలకేల ఉండరాదు? తప్పు జరిగినచో నష్టము దీనియందే ఎక్కువ.

చిట్టా ఎందులకు?

పెన్ డ్రైవును కంప్యూటరుకు తగిలించినపుడు అది తన తయారీదారు సంఖ్యను, తన సంఖ్యను తానే చెప్పుకొనును. కావున యు.ఎస్.బి. పరికరములకు చిట్టా అక్కరలేదు. కాని చిప్పు లోపలనే అమర్చబడిన పరికరములు ఇట్లు తమ్ము తాము పరిచయము చేసికొనవు. ఒక్కొక్క దానికి ఒక చిరునామా ఉండును; ఆ చిరునామాకు వ్రాసినచో పలుకును, అంతియే. చిరునామా తెలియక ఇంటింటికి పోయి తలుపు తట్టినచో చాలదా అని విద్యార్థి అడుగవచ్చును. చాలదు. ఎవరును లేని చిరునామాను తట్టినపుడు యంత్రమంతయు స్తంభించిపోవు చిప్పులు కలవు.

పరికర వృక్షములో మొదలు యంత్రము, కొమ్మలు బస్సులు, అనగా సమాచారము రాకపోకలు సాగించు మార్గములు, ఆకులు పరికరములు. మనుష్యుడు దీనిని అక్షరరూపమున వ్రాయును. ఒక అనువాదక ప్రోగ్రాము దానిని యంత్రము చదువదగిన చిన్న మూటగా కట్టును. యంత్రమును లేపు లోడరు ఆ మూటను కెర్నెల్ చేతికిచ్చును.

ఈ భావము క్రొత్తది కాదు. 1994లో ఓపెన్ ఫర్మ్‌వేర్ అను పేర ఐ.ఇ.ఇ.ఇ. 1275వ ప్రమాణముగా వెలువడినది. సన్ కంపెనీ యంత్రములును, ఆనాటి ఆపిల్ పవర్‌పీసీ యంత్రములును దీనిని వాడినవి. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ కెర్నెల్, ఆర్మ్ జాతి చిప్పుల విషయమున మాత్రము చాలకాలము వేరొక దారిని నడచినది. ప్రతి బోర్డుకును ఒక ప్రత్యేకమైన ప్రోగ్రామునే కెర్నెల్‌లో చేర్చుచు వచ్చిరి. పలు బోర్డుల ఫైళ్లు ఒకదానికొకటి నకళ్లవలె పేరుకొనిపోయినవి. 2011లో టోర్వాల్డ్స్ దీనిపై బహిరంగముగనే విసుగుకొనెను. అటుపిమ్మట ఆర్మ్ వారును ప్రోగ్రాము వేరు, వర్ణన వేరు అను మార్గమునకు వచ్చిరి. నేడు మన విద్యార్థుల చేతులలోని ఆండ్రాయిడ్ ఫోనులలో మిక్కిలి భాగము ఇట్టి వృక్షమును చదివియే మేల్కొనుచున్నవి.

సమీక్షకు తీసికొనిన వ్రాత

2020 నవంబరులో ఆపిల్ కంపెనీ ఎం1 అను చిప్పుతో మాక్ మినీ మొదలగు కంప్యూటర్లను వెలువరించెను. ఆ చిప్పు లోపలి వివరములను తెలుపు గ్రంథమును మాత్రము బయటివారికీయలేదు. దానిపై లినక్స్‌ను నడపుటకు అసాహి లినక్స్ అను బృందము పూనుకొనెను. అసాహి యనగా జపాను భాషలో ఉదయభానుడు. మెకింతాష్ జాతి ఆపిల్ పండునకును అచ్చట అదియే పేరు. ఈ బృందమువారు గ్రంథము లేక ప్రయోగములచేతనే చిప్పు స్వభావమును తెలిసికొని, వ్రాసి, కెర్నెల్ సమీక్షకుల ముందుంచిరి. పలుమార్లు దిద్దుబాట్లు జరిగిన పిమ్మట 2021 జూనులో వెలువడిన లినక్స్ 5.13లో ఆ వ్రాత చేరినది.

ఇందు రెండు ఫైళ్లు కలవు. ఒకటి చిప్పును గూర్చి: దాని పేరు టి8103. రెండవది ఆ చిప్పు గల మాక్ మినీ పెట్టెను గూర్చి: దాని పేరు జె274. ఒకే చిప్పు పలు పెట్టెలలో నుండును గనుక ఈ విభజన సమంజసము. చిప్పు ఫైలులో సీరియల్ పోర్టును 'ఆపివేయబడినది' అని వ్రాసి, పెట్టె ఫైలులో 'పనిచేయుచున్నది' అని తెరచిరి. చిప్పులో పోర్టు ఉండుట ఒకటి, పెట్టెలో దానికి తీగలు కలిపియుండుట మరియొకటి. ఈ భేదమును మొదటనే గుర్తించుట మంచి వ్రాతకు లక్షణము.

ఈ మొదటి వ్రాత చిన్నది. ఎనిమిది ప్రాసెసర్ కోర్లు, ఒక గడియారము, సీరియల్ పోర్టు, ఇంటరప్టు నియంత్రకము, టైమరు: ఇంచుమించు ఇంతియే. కీబోర్డు లేదు, డిస్కు లేదు. తెలిసినంతవరకే వ్రాసిరి గనుక దానిని లోపముగా నెంచరాదు.

గుణములు

మొదటిది పేర్ల విషయము. వృక్షములో యంత్రమునకు రెండు విధములైన పేర్లుండును. మనుష్యుడు చదువుకొనుటకు ఒకటి: ఆపిల్ మాక్ మినీ, ఎం1, 2020 అని. కెర్నెల్ పోల్చుకొనుటకు వేరొకటి: దీనిని అనుకూల నామమందుము. ఇందు తయారీదారు పేరు, కామా, భాగము పేరు వరుసగా నుండును. ఈ రెండవచోట వ్రాతగాండ్రు ఎం1 అను అంగడిపేరును విడిచి టి8103 అను భాగసంఖ్యను తీసికొనిరి. అంగడిపేరు వర్తకుని ఇష్టము. భాగసంఖ్య చిప్పు గుర్తు. వృక్షశాస్త్రములో చెట్టునకు ఊరూర ఒక పేరున్నను శాస్త్రీయనామము ఒక్కటే గదా.

రెండవది చిరునామాల వ్రాత. సీరియల్ పోర్టు చిరునామా పదునారు మూలముగా గల సంఖ్యలలో 235200000. దశాంశములో చెప్పవలెనన్న 948 కోట్ల 12 లక్షల 24 వేల 192. వృక్షములో ఒక్కొక్క గడిలో 32 బిట్లు, అనగా ఎనిమిది పదునారు మూల అంకెలు మాత్రమే పట్టును. ఈ సంఖ్యలో తొమ్మిది అంకెలు కలవు. కావున మొదటి గడిలో 2, రెండవ గడిలో 35200000 అని వ్రాయవలెను. అయితే పరికరము పేరు ప్రక్కన చిరునామాను విడదీయక కలిపి వ్రాయవలెను. రెండుచోట్ల వ్రాసినది ఒక్కటేనా అని సరిచూచుట సమీక్షకుని ప్రాథమిక విధి. ఈ వ్రాతలో అవి సరిపోవుచున్నవి.

మూడవ గుణము అన్నిటికంటె ముఖ్యమైనది. ప్రాసెసరు ఒక పరికరమునకు సమాచారము పంపు పద్ధతులు రెండు. తపాలాపెట్టెలో ఉత్తరము వేసి, అది చేరినదా లేదా అని ఆగక మన పనికి మనము పోవుట ఒక పద్ధతి. ఆంగ్లమున దీనిని పోస్టెడ్ వ్రాత అనియే అందురు. ఉత్తరము పంపి, ముట్టినట్లు సంతకముతో రశీదు తిరిగివచ్చువరకు వేచియుండుట రెండవ పద్ధతి; ఇది నాన్‌పోస్టెడ్ వ్రాత. ఆర్మ్ చిప్పులపై లినక్స్ సామాన్యముగా మొదటి పద్ధతిని వాడును. ఎం1 లోపలి పరికరములు రెండవదానినే అంగీకరించును. మొదటి పద్ధతిన వ్రాసినచో దోషసంకేతము పుట్టును. ఈ నిజమును ఎచ్చట వ్రాయవలెను? ప్రతి పరికరపు డ్రైవరులోను 'ఇది ఆపిల్ అయినచో ఇట్లు చేయుము' అని వ్రాయుట ఒక దారి. అట్లు చేసినచో 2011కు పూర్వపు గందరగోళము మరల వచ్చును. విచారించినచో ఇది పరికరముల గుణము కాదు, వాటిని కలుపు బస్సు గుణము. కావున బస్సును వర్ణించుచోట ఒక్క పదము చేర్చిరి. దాని క్రిందనున్న పరికరములన్నిటికిని అది వర్తించును. సీరియల్ పోర్టు డ్రైవరునకు ఆపిల్ బస్సు మర్మము తెలియనక్కరలేదు. ఒక నిజమునకు సరియైన చోటు కనుగొనుట ఎంత శ్రమను తప్పించునో ఇచ్చట చూడవచ్చును.

నాలుగవది నిజాయితీ. సీరియల్ పోర్టుకు గడియారమును చూపుచోట వ్రాతగాండ్రు ఒక వ్యాఖ్య నుంచిరి. గడియారముల సంగతి ఇంకను సరిగా తేల్చుకొనవలసియున్నదని, మూడవదొకటి ఉండవచ్చునని దాని సారాంశము. అట్లే తెరయొక్క చిరునామా మొదలగు చోట్ల సున్నలుంచి, వీటిని లోడరు నింపునని తెలిపిరి. యంత్రము యంత్రమునకు మారు అంకెను ఊహించి వ్రాయుటకంటె ఖాళీయని చెప్పి విడుచుట మేలు.

దోషములు

ఇక దోషములు. ఆర్మ్ ప్రాసెసర్లలో ఇంటరప్టులు, అనగా పనికి అంతరాయము కలిగించి పిలుచు సంకేతములు, రెండు దారులలో వచ్చును: ఐ.ఆర్.క్యూ., ఎఫ్.ఐ.క్యూ. అని. ఎం1లో టైమరు సంకేతము రెండవ దారిన వచ్చును. ఈ సంకేతము ఇంటరప్టు నియంత్రకము గుండా పోదు. తిన్నగా కోరును చేరును. కాని వృక్షములో టైమరును ఆ నియంత్రకము క్రిందనే ఉన్నట్లు చూపిరి. ఉన్నదున్నట్లు వ్రాయవలెనన్న సూత్రమునకు ఇది భంగము. వ్రాతగాండ్రు దీనిని దాచలేదు. ప్రత్యేక నియంత్రకము లేని ఈ సంకేతములకును ఈ పరికరమే ప్రతినిధియని నియమపత్రములో స్పష్టముగా తెలిపిరి. కెర్నెల్ నిర్మాణమునకు ఇది సౌకర్యమే. అయినను, చిట్టాను చదివినవాడు చిప్పు బొమ్మ గీసినచో ఆ బొమ్మలో లేని తీగ ఒకటి కనబడును. తప్పు ఒప్పుకొనినంతమాత్రమున ఒప్పు కాదు. ఒప్పుకొనుటచే హాని మాత్రము తగ్గినది.

రెండవ దోషము ఇంకను విచారింపదగినది. అనుకూల నామములను వ్రాయునపుడు ముందు ప్రత్యేకనామము, దానివెనుక సామాన్యనామము వ్రాయుట పద్ధతి. కెర్నెల్‌కు ప్రత్యేకము తెలియనిచో సామాన్యముతో పని జరుపుకొనును. ఇంటరప్టు నియంత్రకమునకు టి8103 పేరుతో ఒకటి, ఆపిల్ ఎ.ఐ.సి. అని సామాన్యముగా ఒకటి వ్రాసిరి. సీరియల్ పోర్టుకు మాత్రము ఎస్5ఎల్ అను పాత వంశనామ మొక్కటే కలదు. తొలి ఐఫోను కాలమున ఆపిల్ వాడిన శాంసంగ్ చిప్పుల వరుస పేరది. ఆ పోర్టు వంశము నేటి ఎం1 వరకు వచ్చినదనుట చరిత్రరీత్యా రమ్యమైన సంగతియే, శాంసంగ్ డ్రైవరునే స్వల్పమార్పులతో వాడుకొనుటకు కారణమును అదియే. కాని రేపు ఈ చిప్పు పోర్టులో మాత్రమే ఒక చిత్రమైన లోపము బయటపడినచో, దీనిని తక్కినవాటినుండి వేరుచేసి పిలుచుటకు పేరేది? ఒక ఇంటిలోని వారందరిని ఇంటిపేరుతోనే పిలిచినట్లున్నది.

సామాన్యనామము వలన వచ్చు చిక్కు మరియొకటి. ఆపిల్ ఎ.ఐ.సి. అని వ్రాసినపుడు 'రాబోవు ఆపిల్ నియంత్రకములును ఇట్టివే' అని ఒక వాగ్దానము చేసినట్లయినది. 2021 అక్టోబరులో ఎం1 ప్రో చిప్పు వచ్చినది. దాని నియంత్రకము అమరికలో వేరైనది, దానికి ఎ.ఐ.సి. 2 అని క్రొత్త పేరు పెట్టవలసి వచ్చినది. ఇట్టి అనుభవములు పోగైన పిమ్మట 2025లో ఈ చిప్పుల వర్ణనలను నిర్వహించువారును, వృక్ష సమీక్షకులును కలిసి, ఆపిల్ పరికరముల సామాన్యనామముల జాబితాలను ఇక పెంచరాదని, క్రొత్త చిప్పు పాతదానివంటిదైనచో టి8103 పేరునే వెనుక వ్రాయవలెనని నిశ్చయించుకొనిరి. 'ఆపిల్ వన్నియు ఇట్లుండును' అనుట జోస్యము. 'ఇది టి8103 వలె నున్నది' అనుట పరిశీలన. శాస్త్రమునకు రెండవదే తగును.

ఈ పేర్లపై ఇంత పట్టుదల ఏలయని తోచవచ్చును. వృక్షము ఒక్కొక్కప్పుడు యంత్రములోనే భద్రపరచబడి ఏండ్లతరబడి మారకుండును. కెర్నెల్ మాత్రము రెండు మూడు నెలలకొకసారి క్రొత్తదగుచుండును. పాత వృక్షముతో క్రొత్త కెర్నెల్ పనిచేయవలెనన్నది నియమము. కావున ఒకసారి అచ్చుపడిన పేరునకు తరువాత అర్థము మార్చరాదు.

సమీక్షకుని సమీక్ష

సమీక్షకులు ఏమి చూచెదరు? 2019 ప్రాంతమునుండి నియమపత్రములను యంత్రము చదువదగిన రూపమునకు మార్చుచున్నారు. వ్రాసినవాడు తన వృక్షమును ఆ నియమములతో పోల్చు ప్రోగ్రామును తానే నడపి చూచుకొనవచ్చును. చిరునామాలు రెండుచోట్ల కలియకపోయినను, ఉండవలసిన గుణము లోపించినను, గడుల సంఖ్య తప్పినను ఆ ప్రోగ్రాము పట్టుకొనును. ఇది మంచి ఏర్పాటు. సమీక్షకుని కాలము అక్షరదోషములకు వ్యయము గాదు.

కాని ఆ ప్రోగ్రాము రూపమును మాత్రమే చూచును, నిజమును చూడదు. ఎం1 సీరియల్ పోర్టు ఇంటరప్టు సంఖ్య 605. దానిని 606 అని వ్రాసియున్నచో ప్రోగ్రాము కిమ్మనదు. రెండును సంఖ్యలే గదా. సమీక్షకుని వద్ద ఆ యంత్రము లేకపోవచ్చును. చిప్పు గ్రంథమా, ప్రకటితమే కాలేదు. అట్టిచోట ఆ అంకెకు సాక్షి ప్రయోగము చేసినవా డొక్కడే. ఇది చిన్న సంగతి కాదు. సీరియల్ పోర్టు తప్పినచో మాట వినబడదు, అంతియే. వోల్టేజిని నియంత్రించు పరికరమునకు గరిష్ఠపరిమితిని ఒక సున్న ఎక్కువగా వ్రాసినచో చిప్పే మాడిపోవచ్చును.

నా అనుభవమొకటి చెప్పెదను. బి.యస్సీ. విద్యార్థుల లోలక ప్రయోగపు రికార్డులను దిద్దునపుడు ఒక సంవత్సరము అనేకులకు గురుత్వత్వరణము సరిగా 981 అని వచ్చినది. పట్టికలు నిండియున్నవి, గ్రాఫులు చక్కగానున్నవి, ప్రమాణములు వ్రాసిరి. సంతోషించి సంతకములు చేసితిని. తరువాత తోచినది: మన ప్రాంతమున ఆ విలువ 978 దాపున నుండవలెను, 981 పాఠ్యపుస్తకపు సంఖ్య. పిల్లలు లోలకమును కాక పుస్తకమును కొలిచిరి. నేను రూపమును చూచి నిజమును చూచితిననుకొంటిని. తప్పు వారిదెంతయో నాదియు నంతియే. నేను కూడ ఆ ప్రోగ్రామువంటి పరీక్షకుడనే అయితిని.

ఆనాటినుండి ప్రతి రికార్డులోను ఒక్క కొలతనైనను నా యెదుట మరల తీయించుచున్నాను. కెర్నెల్ సమీక్షకులలోను మేలైనవారు అడుగు ప్రశ్న ఇదియే: ఈ అంకె నీకెట్లు తెలిసినది? గ్రంథములో చూచితివా, కొలిచితివా, పొరుగు చిప్పు ఫైలునుండి నకలు తీసితివా? మూడవదైనచో అది వర్ణన కాదు, వదంతి. క్రొత్త చిప్పుల వర్ణనలు పాతవాటి నకళ్లుగా పుట్టుట సులభము గనుక ఈ ప్రశ్నకు విలువ ఎక్కువ.

మొత్తముమీద టి8103 వర్ణన ఉత్తమశ్రేణికి చెందినది. గ్రంథము చేతలేకయు పరిశీలనకును ఊహకును నడుమ గీత గీసినది, బస్సు గుణమును బస్సునందే వ్రాసినది, తెలియనిదానిని తెలియదన్నది. సౌకర్యమునకై నియంత్రకమునకు లేని తీగ నంటగట్టుట, కాలమునకు ముందే సామాన్యనామమును ప్రకటించుట దాని లోపములు. మొదటిది నేటికిని క్షమింపదగినది. రెండవది తరువాతివారికి పాఠమైనది.

ఉపాధ్యాయులకు ఒక సూచన. రిస్క్-ఫైవ్ అను స్వేచ్ఛానిర్దేశము ననుసరించి మద్రాసు ఐ.ఐ.టి. వారు శక్తి ప్రాసెసర్లను, సి-డాక్ వారు వేగ ప్రాసెసర్లను మన దేశముననే రూపొందించిరి. రిస్క్-ఫైవ్ చిప్పులపై లినక్స్ నడచుటకును ఇట్టి వృక్షమే సాధనము. రేపు ఈ వర్ణనలను వ్రాయవలసినవారు, దిద్దవలసినవారు నేటి మన తొమ్మిదవ, పదవ తరగతుల పిల్లలే కావచ్చును. అందులకు కంప్యూటరు గది కొరకు వేచియుండనక్కరలేదు. ప్రయోగశాల స్టాకు రిజిస్టరును ఒక జట్టునకిచ్చి, దానిని వృక్షముగా గీయుమనుడు: గది మొదలు, బీరువాలు కొమ్మలు, అరలు రెమ్మలు, పరికరములు ఆకులు. రెండవ జట్టును పంపి, ఒక్కొక్క అర తెరచి చూచి, వృక్షములో ఉన్నదియు అరలో ఉన్నదియు ఒక్కటేనా అని సరిచూడుమనుడు. ఎన్నిచోట్ల భేదము వచ్చినదో లెక్కించిన పిమ్మట, వ్రాసినవారిని 'ఇది నీకెట్లు తెలిసినది?' అని అడుగుడు. పుస్తకమును చూచి వ్రాసినవారెవరో, అర తెరచి వ్రాసినవారెవరో ఆ గంటలోనే తేలిపోవును.